వాన రోజు, ఓడలోనే

అలాస్కాలోని కెచికాన్ రేవులో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. పసిఫిక్ మీది తేమగాలులు కొండలకు తగిలి అక్కడే కుమ్మరిస్తాయి. క్రూయిజ్ ఓడలు బారులు తీరే వేసవిలోనూ తెరిపి తక్కువే.

అలాంటి రోజున కొందరు ఒడ్డుకు దిగరు. నష్టమేమీ లేదు! జనమంతా ఊళ్లోకి వెళ్లిపోతే లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ దొరుకుతుంది, వేడినీళ్ల పూల్ ఖాళీగా ఉంటుంది. రేవులో ఉన్నంతసేపు కాసినో, డ్యూటీ ఫ్రీ షాపులు సాధారణంగా మూసే ఉంటాయి. ఆ సందడి లేకపోవడమే హాయి. పై డెక్కు మీద నిలబడితే మబ్బుల కింద టాంగస్ అడవి కనిపిస్తుంది. అమెరికా జాతీయ అడవుల్లో అదే అతి పెద్దది. ఈ వానతోనే అంత దట్టంగా పెరిగింది.

ఈ సంచిక ప్రయాణ కథనాల్లో ఎండ రోజులే ఎక్కువ. కెచికాన్ కథనం మాత్రం పూర్తిగా వానలోనిదే. అందుకే అది ముందు పేజీల్లోకి వచ్చింది.