పోర్టింగ్ పాఠం.. మీ ల్యాబ్ రికార్డులోనే!

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. అవి లేని పాత కంప్యూటర్లలో లినక్స్ వేసుకోవచ్చు. కానీ ఇన్నాళ్లూ వాటిలో నడిచిన బిల్లింగ్, మార్కుల సాఫ్ట్‌వేర్ సంగతేంటి? విండోస్‌కు రాసింది సాధారణంగా లినక్స్‌లో నేరుగా నడవదు. నడిచేలా మార్చడమే పోర్టింగ్.

అనంతపురంలో చదివి బెంగళూరు ఇంటర్వ్యూలకు బస్సెక్కే మీకు దీంతో పనేంటి అంటారా? రెజ్యూమెలో అందరివీ ఒకేలాంటి ప్రాజెక్టులు. మీరు సొంతంగా చేసిందని నిరూపించుకోవడానికి ఇదో మంచి దారి. కోచింగ్ ఫీజూ అక్కర్లేదు.

మొదటి సెమిస్టర్‌లో టర్బో సీలో రాసిన ప్రోగ్రామ్ ఉందా? అది డాస్ కాలం నాటి కంపైలర్. ఆ ప్రోగ్రామ్‌ను లినక్స్‌లో జీసీసీతో కంపైల్ చేసి చూడండి.

ముందుగా ‘కోనియో డాట్ హెచ్’ దగ్గర ఆగిపోతుంది. ఆ హెడర్ లినక్స్‌లో లేదు. ఇది సులువైన తప్పు, కంపైలరే చెబుతుంది.

అసలు ప్రమాదం కంపైలర్ నోరు మెదపని చోట ఉంటుంది. టర్బో సీలో ఇంట్ సైజు 2 బైట్లు, గరిష్ఠ విలువ 32,767. మీ లినక్స్‌లో అది 4 బైట్లు. పాత ప్రోగ్రామ్ బైనరీ ఫైల్లో దాచిన రోల్ నంబరు, మార్కులు కొత్తదానిలో కలిసిపోయి ఒకే అంకెగా వస్తాయి. ఎర్రర్ రాదు, జవాబే తప్పు! ‘స్టడ్‌ఇంట్’ హెడర్‌లోని 16 బిట్ల టైపు వాడితే సరిపోతుంది.

ఇలాంటివే మరో రెండు..
* విండోస్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడాతో ఉన్న ఫైలు పేర్లు ఒకటే. లినక్స్‌లో వేర్వేరు.
* టెక్స్ట్ ఫైల్లో లైను చివర విండోస్ రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒకటే.

ఎలా మొదలుపెట్టాలి?
పాత ప్రోగ్రామ్‌కు పది ఇన్‌పుట్‌లు ఇచ్చి జవాబులు రాసిపెట్టుకోండి. పోర్ట్ చేశాక అవే ఇచ్చి పోల్చండి. ప్రతి మార్పునూ, ఎందుకు చేశారో ఒక వాక్యంతో సహా, గిట్‌లో ఉంచండి.

‘పోర్టింగ్ ఇంజినీర్’ పేరుతో ప్రకటనలు అరుదే. మైగ్రేషన్, ఎంబెడెడ్, టెస్టింగ్ ఉద్యోగాల్లో పని మాత్రం ఇదే. ‘ఈ లైను ఎందుకు మార్చావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి. కాపీ ప్రాజెక్టుతో అది కుదరదు.