తప్పు పెట్టెది కాదు

సింథసైజర్ వచ్చి జానపదాన్ని చంపేసిందని ఎవరైనా రాస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. రాసేవాళ్ళలో ఆ పెట్టెని ఒక్కసారైనా ముట్టుకున్నవాళ్ళు ఎందరు?

కోర్గ్ కంపెనీ 2013లో వోల్కా అనే చిన్న, చవక సింథ్‌ల వరస తెచ్చింది. ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే నడుస్తుంది, స్పీకర్ అందులోనే. లోపల సీక్వెన్సర్: పదహారు గళ్ళు. ఏ గడిలో ఏ స్వరమో చెప్పి వదిలేస్తే అదే తిప్పి తిప్పి వాయిస్తుంది.

పదహారంటే నాలుగు నాలుగులు. మన జానపదాల్లో చాలా పాటలు తిస్రంలో, మూడేసి దెబ్బల మీద ఊగుతూ నడుస్తాయి. వాటిని పదహారు గళ్ళలో కుక్కితే నడుము విరుగుతుంది. మా శ్రీకాకుళం వైపు జాతరల్లో నేను విన్న డీజే రీమిక్సుల్లో సగం ఈ బాపతే. కానీ అదే పెట్టెలో యాక్టివ్ స్టెప్ అని ఒకటుంది. నాలుగు గళ్ళు ఆపేయండి, పన్నెండు మిగుల్తాయి, తిస్రం వచ్చేస్తుంది. రెండే ఆపితే పద్నాలుగు, అంటే మిశ్రం రెండు సార్లు. వోల్కా కీస్‌లో ఫ్లక్స్ నొక్కితే చెయ్యి ఎక్కడ పడిందో అక్కడే మోగుతుంది, గడిలోకి లాగదు. ఇన్ని ఉండగా ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే వదిలేసింది ఎవరు?

పరాయి వాద్యం అంటారా? 1919లో విజయనగరం సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. వయొలిన్ ఏటి, నాగావళి ఒడ్డున పుట్టిందా? యూరప్ నుంచి వచ్చింది. దక్షిణాది విద్వాంసులు దాని శ్రుతి మార్చారు, కింద కూర్చుని వాయించారు. ఫ్యాక్టరీ సెట్టింగ్ మార్చడమంటే అదే.

1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ టీబీ-303 కూడా వాడి పది రాగాలని రికార్డు చేశాడు. అందులో స్లైడ్ ఉంది, స్వరం నుంచి స్వరానికి జారుతుంది. వోల్కా బేస్‌లోనూ ఉంది. జముకు తీగ బిగించి వదిలినప్పుడు వచ్చే జారుడు విన్న చెవికి ఆ మీట దేనికో వేరే చెప్పక్కర్లేదు.

అవతలివాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. గుండెకి రేకు తప్పెట కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళ బృందం మొత్తాన్ని పిలిచి, భోజనాలు పెట్టడం కంటే డీజేని పిలవడం సులువు. ఆ బేరం ఆడేది ఉత్సవ కమిటీ. జముకు కళాకారుడి గొంతుని ఫోన్లో పట్టి, కింద బీటు వేసి, ఆయన పేరు లేకుండా యూట్యూబ్‌లో పెట్టేది మనలాంటి కుర్రాళ్ళు. పెట్టెకి వీటిలో ఏదీ చేతకాదు.

కాబట్టి పెట్టె కొనండి. కొన్నాక ముందు ఆయన పక్కన కూర్చుని దెబ్బలు లెక్కపెట్టండి, తర్వాత గళ్ళు సర్దండి. పాట బయటికొచ్చినప్పుడు ఆయన పేరు మీ పేరు కంటే పైన వెయ్యండి. వచ్చిన డబ్బులో ఆయన వాటా ఆయనకివ్వండి. ఇది చెయ్యలేనివాళ్ళు జానపదం చచ్చిపోతోందని వ్యాసాలు రాయడం మానేస్తే అదే పదివేలు.