ఎర్ర పెన్ను పట్టని ట్యూటర్లు

మా అన్నయ్య కొడుకు ఎమ్మెస్ చేయడానికి ఇక్కడికొచ్చి మూడు నెలలయింది. మొన్న ఫోన్లో, "మా ప్రొఫెసర్ రిపోర్టు చూసి యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌కి వెళ్ళమన్నారు బాబాయ్. అక్కడెందుకు, చాట్‌జీపీటీలో వేస్తే రెండు సెకన్ల పని" అన్నాడు.

నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళ పైమాటే... నాకూ అదే చెప్పారు.

నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. థీసిస్ మొదటి చాప్టర్ ఇస్తే, మా గైడు పై పేజీ మీద "రైటింగ్ సెంటర్‌కి వెళ్ళు" అని రాసి తిరిగిచ్చేశారు. తల కొట్టేసినట్టయింది. ఇంజనీరింగ్ ఫస్టు క్లాసులో పాసైనవాణ్ణి, నాకు ఇంగ్లీషు ట్యూషనా!

వెళితే అక్కడ కూర్చున్నది ఇంగ్లీషు డిపార్ట్‌మెంటులో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఇంచుమించు నా ఈడే. నాలాగే ఫీజు మాఫీ కోసం, స్టైపెండు కోసం వారానికి 20 గంటలు పనిచేసే మనిషి. మన ట్యూషన్ మాస్టారిలా తప్పులన్నీ దిద్ది ఇస్తుందనుకున్నాను. ఆవిడేమో పెన్ను నా చేతికిచ్చి, పైకి చదవమంది. రెండో వాక్యం దగ్గర ఆపి, "ఇక్కడ 'ఇట్' అంటే ఏమిటి? ప్రోగ్రామా, డేటానా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తప్పు ఇంగ్లీషులో కాదు, నా బుర్రలోనే ఉంది.

ఇది ఆవిడ సొంత పద్ధతేమీ కాదు. స్టీఫెన్ నార్త్ అనే ఆయన 1984లో రాసిన వ్యాసం ఈ సెంటర్లకి భగవద్గీత లాంటిది. బాగుపడాల్సింది కాగితం కాదు, రాసే మనిషి అన్నది దాని సారాంశం. అందుకే చాలాచోట్ల ప్రూఫ్‌రీడింగ్ చేయమని ముందే చెప్పేస్తారు.

ఇక్కడే నా పేచీ. ఉగ్గుపాలతో ఇంగ్లీషు నేర్చినవాడు పైకి చదువుకుంటే తప్పు చెవికే తెలిసిపోతుంది. మనకి ఆ చెవి లేదు. 'ఎ' ఎక్కడో, 'ది' ఎక్కడో పదిసార్లు చదివినా వినపడదు. వేరే భాషవాళ్ళతో వాక్యం దగ్గర కూర్చోవడం కూడా చదువు చెప్పడమేనని షారన్ మయర్స్ అనే ఆవిడ 2003లో వాదించారు. నాదీ అదే మాట.

నా అదృష్టం, మా ట్యూటర్ రూలు కాస్త పక్కన పెట్టి "మీ భాషలో ఇదెలా చెప్తారు?" అని అడిగింది. "పుస్తకం కొన్నాను" అంటే ఏదో ఒక పుస్తకం, "పుస్తకాన్ని కొన్నాను" అంటే మనం అనుకున్న ఆ పుస్తకం అని వివరిస్తుంటే నాకే తట్టింది, 'ది' లాంటిది మన దగ్గరా ఓ మూల ఉందని! అన్నిచోట్లా సరిపోదు గానీ, పట్టుకోవడానికి ఓ కొస దొరికింది.

చాట్‌జీపీటీ దిద్దదా? బ్రహ్మాండంగా దిద్దుతుంది. 2022 చివర్లో వచ్చినప్పటి నుంచి నేనూ వాడుతున్నాను. కానీ అర్థం తెలియని 'ఇట్'ని కూడా నున్నగా ఇస్త్రీ చేసి చేతికిస్తుంది. ప్రశ్నలు అడగమంటే అడుగుతుంది, నిజమే. అలా అడగమనాలని తెలిసినవాడికి సగం పని అయిపోయినట్టే. రేపు మీటింగులో క్లయింటు "అంటే ఏమిటి?" అన్నప్పుడు జవాబు చెప్పాల్సింది మాత్రం వీడే.

అందుకని వాడితో అన్నాను: "వెళ్ళరా, విడిగా డబ్బులేం అడగరు. గ్రామర్ చూడం అంటే, దిద్దొద్దు, ఈ ఒక్క పేరాలో ఎందుకు తప్పుతున్నానో చెప్పండి అని అడుగు. వాళ్ళూ స్టూడెంట్లే, అర్థం చేసుకుంటారు."

"సరే బాబాయ్" అన్నాడు. ఆ సరేలో ఎంత నమ్మకముందో నాకు తెలుసు. నేనూ మా గైడుతో అలాగే అన్నాను.