తీర్పు మారింది, తొలగింపు మారలేదు

2023 మార్చి 23న సూరత్ న్యాయస్థానం రాహుల్ గాంధీకి శిక్ష విధించగా, మరునాడే ఆయన లోక్‌సభ సభ్యత్వం రద్దయింది. ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఆ దోషనిర్ణయాన్ని నిలిపివేసింది. 7వ తేదీకల్లా సభ్యత్వం తిరిగి వచ్చింది. అది సబబే. ఇదే సూత్రం అధ్యాపకునికి ఎందుకు వర్తించదన్నదే నా ప్రశ్న.

అమలాపురంలో జన్మించిన జి.ఎన్. సాయిబాబా ఢిల్లీలోని రామ్‌లాల్ ఆనంద్ కళాశాలలో ఆంగ్లం బోధించేవారు. గ్రీన్‌హంట్ పేరిట సాగిన పోలీసు చర్యలను బాహాటంగా విమర్శించారు. ఆయన అభిప్రాయాలతో ఏకీభవించనివారిలో నేనూ ఒకడిని. మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణపై 2014 మేలో అరెస్టయ్యారు. 2017 మార్చి 7న గడ్చిరోలి సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. అప్పీలు హైకోర్టులో ఉండగానే, 2021 మార్చి 31న కళాశాల ఆయనను తొలగించి, మూడు నెలల జీతం బ్యాంకులో జమచేసి చేతులు దులుపుకొన్నది.

2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, ప్రాసిక్యూషన్‌కు సరైన అనుమతి లేదంటూ ఆయనను విడుదల చేయమన్నది. మరునాడు శనివారం. అయినా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా సమావేశమై ఆ తీర్పును నిలిపివేసింది. మన న్యాయస్థానాలకు ఇంతటి చురుకుదనం ఉన్నదని చాలామందికి ఆనాడే తెలిసివుంటుంది! కేసు మళ్ళీ హైకోర్టుకే వెళ్ళింది. 2024 మార్చి 5న మరొక ధర్మాసనం ఆయనను నిర్దోషిగా తేల్చింది. ఈసారి స్టే ఇవ్వడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. సహముద్దాయి పాండు నరోటె 2022 ఆగస్టులోనే ఖైదీగా కన్నుమూశాడు.

శిక్షపడిన ఉద్యోగి కోసం కళాశాల ఎంతకాలం వేచివుండగలదని అడిగేవారున్నారు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే అప్పీలు తేలేవరకు సస్పెన్షన్‌లో ఉంచి, తాత్కాలిక అధ్యాపకునితో పాఠాలు నడపడం అసాధ్యమేమీ కాదు. కశ్మీరులోనైతే కోర్టు తీర్పు అవసరం కూడా కలగలేదు. 2022 మేలో అక్కడి విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యుని రాజ్యాంగం 311వ అధికరణం కింద, విచారణ లేకుండానే తొలగించారు.

తొంభై శాతం అంగవైకల్యంతో చక్రాల కుర్చీకే పరిమితమైన సాయిబాబా, విడుదలైన తరువాత మళ్ళీ పాఠాలు చెప్పాలని ఆశించారు. ఆ కొలువు దక్కకుండానే 2024 అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్‌లో మరణించారు. ఏ శిక్షను ఆధారం చేసుకొని ఆయనను తొలగించారో ఆ శిక్షే కొట్టివేయబడింది. కనుక 2021 నాటి ఉత్తర్వును మరణానంతరమైనా రద్దుచేసి, ఆ కుటుంబానికి జీతభత్యాలు లెక్కకట్టి ఇవ్వడం కళాశాల విధి. ఇక ముందు అప్పీలు తేలకుండా ఏ అధ్యాపకునీ తొలగించరాదన్న నిబంధనను పార్లమెంటు చేయవలసి ఉన్నది.