టాన్సిల్స్ తీశాక మొదటి రాత్రులు

టాన్సిల్స్ తీయించి ఇంటికి తెచ్చుకున్న మొదటి రాత్రే అమ్మానాన్నలకు కంగారు. గురక పోతుందనుకుంటే పిల్లాడు ఇంకా గురక పెడుతుంటాడు. గొంతు వాపు తగ్గేదాకా, అంటే వారం పది రోజులు, అది మామూలే. తలవైపు కాస్త ఎత్తు చేస్తే నిద్ర పడుతుంది.

అసలు చిక్కు నొప్పి మందు దగ్గర. నిద్రపోతున్న బిడ్డను లేపడానికి మనసొప్పదు. తెల్లారేసరికి గొంతెండి, గుటక పడక ఒకటే ఏడుపు. అందుకే డాక్టరు రాసిన పారాసిటమాల్‌ను మొదటి రోజుల్లో వేళ తప్పనివ్వకూడదు. కోడీన్ అనే నొప్పి మందు మాత్రం వద్దే వద్దు. కొందరు పిల్లల ఒంట్లో అది వేగంగా మార్ఫిన్‌గా మారి ఊపిరికే ముప్పు తెస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే గట్టిగా హెచ్చరించింది.

ఐస్‌క్రీమ్ నిక్షేపంగా పెట్టొచ్చు, నాయనమ్మ ఒప్పుకుంటే!

గొంతులో కనిపించే తెల్లటి పొర చీము కాదు. 5 నుంచి 10 రోజుల మధ్య అది ఊడేటప్పుడు ఎర్రటి రక్తం కనబడితే మాత్రం అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.