యాంప్లిఫయర్ వద్దు, ముందు ఫిల్టర్ కడదాం

పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన యూత్ తయారు చేసుకున్న 7 మెగాహెర్ట్జ్ రిసీవర్‌లో హామ్‌ల మాటలు సరిగ్గా వినపడట్లేదని, చందాలేసుకుని యాంటెన్నా యాంప్లిఫయర్ కొందామని కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. డబ్బుల్లేవని కాదు (లేవనుకోండి, అది వేరే సంగతి). రోగం ఒకటి, మందు ఇంకోటి అవుతుంది.

విశాఖలో మా హాస్టల్ మేడ మీద ఆ సెట్టుకి యాంటెన్నా తగిలిస్తే డయల్ ఎటు తిప్పినా ఆకాశవాణే. ఇక్కడి కేంద్రం 927 కిలోహెర్ట్జ్ మీద 100 కిలోవాట్లతో ప్రసారం చేస్తుంది. మనం వినాలనుకునే హామ్ ఎక్కడో దూరంగా కూర్చుని 50 వాట్లో, 100 వాట్లో పెట్టి మాట్లాడతాడు. మనది డైరెక్ట్ కన్వర్షన్ సెట్టు. అంత బలమైన సిగ్నల్ లోపలికొస్తే మిక్సరే డిటెక్టర్‌లా పనిచేసి ఆ వార్తల్ని ఆడియోలోకి తోసేస్తుంది. అందుకే డయల్ తిప్పినా పోదు. దాని ముందు యాంప్లిఫయర్ పెడితే హామ్ గొంతు ఎంత పెరుగుద్దో ఆకాశవాణీ అంతకంటే ఎక్కువ పెరుగుద్ది.

నమ్మకపోతే యాంటెన్నా దగ్గర ఒక 1 కిలోఓం వాల్యూమ్ కంట్రోల్ పెట్టి సిగ్నల్ తగ్గించి చూడండి. హామ్ గొంతు కొంచెమే తగ్గి, వార్తలు చాలా తగ్గిపోతే నేను చెప్పింది నిజం.

మొదట ఒక ట్రాప్. 100 మైక్రోహెన్రీ చోక్, దాదాపు 295 పికోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపి యాంటెన్నా నుంచి ఎర్త్‌కి కట్టాలి. 927 దగ్గర అది సిగ్నల్‌ని భూమిలోకి దింపేస్తుంది, 7 మెగాహెర్ట్జ్‌ని ముట్టుకోదు. చోక్ విలువ అటూ ఇటూ ఉంటుంది కాబట్టి పాత రేడియోలోని గ్యాంగ్ కండెన్సర్ వాడితే తిప్పుతూ సరిచేసుకోవచ్చు. తర్వాత బ్యాండ్‌పాస్. టీ50-2 అనే ఎర్ర టొరాయిడ్ మీద 26 చుట్లు చుడితే 3.3 మైక్రోహెన్రీ వస్తుంది. దానికి 120 పికోఫారడ్, పక్కన ఒక ట్రిమ్మర్. అలాంటివి రెండు చేసి మధ్యలో 4.7 పికోఫారడ్‌తో కలపాలి. ఎనామెల్ వైరు మోటార్ వైండింగ్ షాపులో అడిగితే ముక్కలు ఊరికే ఇస్తారు.

ఫిల్టర్ చెయ్యలేని పని కూడా ఉంది. ఎల్ఈడీ బల్బులు, చవక చార్జర్లు చేసే గోల సరిగ్గా 7 మెగాహెర్ట్జ్ మీదే వస్తుంది. హామ్ గొంతూ అక్కడే. రెండింటిలో ఏది ఉంచాలో ఫిల్టర్‌కి ఎలా తెలుస్తుంది? మా హాస్టల్లో మంచానికో చార్జర్, ఎవర్ని తియ్యమంటాం? అందుకే సెట్టు మన కొండ మీదికి తీసుకెళ్లి, 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి వినాలంటాను. కరెంటు తీగల్లేవని మనం బాధపడే చోటే రేడియో బాగా వినపడుతుంది. ఈ ఒక్క విషయంలో పట్నం వాళ్ల కంటే మనమే నయం.

ఈ కాలంలో రేడియో ఎందుకని నవ్వే వాళ్లకి ఒక్క మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటూ పోయింది, ఫోన్లూ పోయాయి. కూలికెళ్లిన మా మావయ్య బతికున్నాడో లేదో మా అమ్మకి చాలా రోజులు తెలియలేదు. మన గూడేల్లో కొన్నిటికి ఈరోజుకీ సిగ్నల్ కోసం గట్టెక్కాలి.

అయితే వినడం వేరు, మాట్లాడటం వేరు. మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ లైసెన్స్ తప్పనిసరి. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కూడా అక్కర్లేదు. ఇంకోటి, మన ప్రాంతంలో వైర్లు, పెట్టెలు మోసుకుని కొండెక్కితే చూసేవాళ్లు ఏమనుకుంటారో మీకు నేను చెప్పాలా. ముందే ఊరి పెద్దలకీ, పోలీస్ స్టేషన్‌కీ చెప్పి వెళ్దాం.

చందా డబ్బులు ట్రిమ్మర్లకి, టొరాయిడ్లకి, మిగిలితే పరీక్ష ఫీజులకి వాడదాం. ఇంట్లో పాడైన రేడియో ఉంటే పారెయ్యకండి, గ్యాంగ్ కావాలి. సోల్డరింగ్ వచ్చినోళ్లు కింద పేరు పెట్టండి.