నలువది స్థానముల సెనేటు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జనసంఖ్యయందు అగ్రస్థానము కాలిఫోర్నియాది. ఆ రాష్ట్ర శాసనసభలు రెండు. పైసభయగు సెనేటున 40 మంది సభ్యులు. నామకము చేయబడినవా రొక్కరును లేరు. అందరును ప్రజలచే నాలుగేండ్ల కెన్నుకొనబడువారే. 2024 నవంబరు ఎన్నికలలో డెమోక్రాటులకు 30, రిపబ్లికనులకు 10 స్థానములు తేలినవి.

ఈ లెక్కలోని బలమెంతయో గ్రహింపవలయును. రాష్ట్రపు పన్ను హెచ్చింపవలెనన్న ఉభయసభలలోను మూడింట రెండు వంతుల సమ్మతి యుండవలెనని 1978లో ప్రజలే ఓటుచేసి శాసించిరి. సెనేటున ఆ సంఖ్య 27. ముప్పదిమంది గల పక్షము ఎదుటివారి గడప త్రొక్క నక్కరలేదు. ప్రతిపక్షము 14 గురైననే అడ్డుపడగలదు. పదుగురు మాటలాడవచ్చును, అంతే. అదే ఎన్నికలో అధ్యక్ష పదవికి రిపబ్లికను అభ్యర్థికి ఆ రాష్ట్రమున నూటికి సుమారు 38 ఓట్లు పడినవి. సెనేటున వారికి దక్కినది నాలుగవ వంతు. సరిహద్దులు గీచినవారిని నిందించుటకును వీలులేదు; 2008 నాటి ప్రజానిర్ణయముచే ఆ పని శాసనసభనుండి తొలగి పౌరసంఘమునకు సంక్రమించినది. ఒక్కొక్క నియోజకవర్గమునకు ఒక్కడే ప్రతినిధి యనెడి పద్ధతిలో చెదరిన ఓటునకు ఫలము తక్కువ.

కాని మా దృష్టికి పక్షముల హెచ్చుతగ్గులకంటె ఘోరమైనది ఆ 40 అను అంకె. అది 1879 నాటి రాజ్యాంగపు నిర్ణయము. 1880 జనాభా లెక్కల ప్రకారము ఆ రాష్ట్రజనము 8,64,694. అనగా సెనేటరు కొక్కరికి ఇరువదిరెండు వేలకు లోపు. 2020లో జనము 3,95,38,223. నేడు ఒక్కొక్క సెనేటరు తొమ్మిది లక్షల ఎనుబదియెనిమిది వేలమందికి ప్రతినిధి! వాషింగ్టనులోని ప్రతినిధిసభ సభ్యునికైనను ఇంతమంది లేరు. ఇట్టి నియోజకవర్గమున అభ్యర్థి ఇల్లిల్లు తిరుగుట కల్ల. ప్రకటనలకు ధనము పోయగలవానిదే పైచేయి.

పూర్వ మింతకంటె అన్యాయము జరిగినది. ఏ కౌంటీకిని ఒక్క సెనేటరుకంటె ఎక్కువ యుండరాదని 1926లో నియమము చేసికొనిరి. తత్ఫలితముగా 1960 నాటికి అరువది లక్షల జనముగల లాస్ ఏంజిలిస్ కౌంటీకి ఒక్కడు, 14,294 మంది గల మూడు కొండకౌంటీలకును ఒక్కడు! పట్టణమున కాపురముండుట నేరమన్నట్లుండెను. రాష్ట్రముల ఉభయసభలును జనసంఖ్య ననుసరించియే యేర్పడవలెనని 1964లో సుప్రీముకోర్టు అలబామా వ్యాజ్యమున తీర్పుచెప్పిన పిమ్మటగాని ఆ దోషము తొలగలేదు. ఓటు బరువు సమమైనది. స్థానములు మాత్రము పెరుగలేదు.

సభ్యులు పెరిగిన వ్యయము పెరుగునని కొందరందురు. మిన్నెసోటా జనము 57 లక్షలే. అచ్చట సెనేటరులు 67 గురు. ఆ సభ నడచుచునే యున్నది గదా! కాలిఫోర్నియాలో అంకె మార్చుటకు రాజ్యాంగ సవరణ కావలయును. అందుకై 27 గురు సెనేటరులు తమ స్థానము విలువను తామే తగ్గించుకొనుటకు చేయెత్తవలెను. వారెత్తనిచో, తగినన్ని సంతకములు కూర్చి సవరణను ప్రజలే నేరుగా ఓటునకు తెచ్చు హక్కు ఆ రాష్ట్రమున గలదు.